చేప ఎంతుంది?

1932 జూన్ 2న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే పల్లెటూరి కుర్రాడు ఓ మడుగులో గాలం వేశాడు. దాన్ని మాంట్‌గొమరీ లేక్ అనేవాళ్ళు. ఓక్‌మల్గీ నది దారి మార్చుకున్నప్పుడు పక్కన మిగిలిపోయిన నీరు. గాలానికి లార్జ్‌మౌత్ బాస్ అనే చేప పడింది. పెద్దదని చూడగానే తెలిసింది. ఎంత పెద్దదో తెలియాలిగా! హెలీనా అనే ఊరికి తీసుకెళ్ళి పోస్టాఫీసు కాటా మీద పెట్టించాడు. 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది, అంటే పది కిలోల పైమాట. పొడుగు 32.5 అంగుళాలు, చుట్టుకొలత 28.5 అంగుళాలు అని రాసుకున్నారు. ఆ తర్వాత ఇంటికి తీసుకెళ్ళి వండుకుని తిన్నారు.

చేప కడుపులోకి పోయింది, అంకె మిగిలింది. ఆ జాతిలో 77 ఏళ్ళపాటు అదే ప్రపంచ రికార్డు. 2009 జులై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా అనే ఆయన పట్టిన బాస్ 22 పౌండ్ల 4.97 ఔన్సులు తూగింది. పెర్రీ చేపకంటే ఒక్క ఔన్సు కూడా నిండుగా ఎక్కువ లేదు. మన లెక్కలో 28 గ్రాముల లోపే. గాలపు వేట రికార్డులు చూసే అంతర్జాతీయ సంఘం ఐజీఎఫ్‌ఏ అర్ధ సంవత్సరం పరిశీలించి, కొత్త రికార్డు ఇవ్వకుండా ఇద్దరినీ సమానంగా నిలబెట్టింది. 25 పౌండ్ల లోపు చేప పాత రికార్డును కొట్టాలంటే కనీసం 2 ఔన్సులు ఎక్కువ తూగాలని వాళ్ళ నియమం.

కురిటా పక్షాన నిలబడి చూస్తే ఇది అన్యాయంగానే ఉంటుంది. నాకైతే ఆ నియమం బాగా నచ్చింది. కాటా కాటాకీ తేడా ఉంటుంది, చేప ఒంటి మీద తడి ఉంటుంది, కడుపులో గుక్కెడు నీళ్ళుంటాయి. వీటన్నిటి వల్ల ముల్లు ఎంత ఊగుతుందో, అంతకంటే చిన్న తేడాని తేడాగా లెక్కపెట్టకూడదన్న ఇంగితం అందులో ఉంది. పొద్దున్నే మిషను ఎక్కి 200 గ్రాములు తగ్గానని మురిసిపోయేవాళ్ళు, మాక్ టెస్టులో రెండు మార్కులు పెరగ్గానే ర్యాంకు లెక్కలు వేసేవాళ్ళు ఈ రెండు ఔన్సుల నియమాన్ని గోడకి అంటించుకోవచ్చు.

ఈ అధ్యాయంలో మిమ్మల్ని అడిగేది ఒకటే. కొలిచే పద్ధతి చేప పడకముందే ఖాయం చేసుకోండి. పడ్డాక ఖాయం చేసుకుందామంటే, చేతిలో ఎగిరెగిరి పడుతున్న చేప, పక్కన ఫోన్ పట్టుకుని నిలబడ్డ స్నేహితుడు, గుండెలో దడ, ఈ మూడూ కలిసి టేపుని తమవైపు లాగుతాయి.

ముందు టేపు, తర్వాత కాటా

బరువు కంటే పొడుగే నమ్మదగ్గ కొలత అని నా అభిప్రాయం. ఒకే చేప గుడ్లతో ఉంటే ఒక బరువు, గుడ్లు పెట్టాక ఇంకో బరువు, కడుపునిండా మేసి ఉంటే మరో బరువు తూగుతుంది. పొడుగు వారంలో మారదు. పైగా టేపుకి బ్యాటరీ అక్కర్లేదు. పట్టి వదిలేసే చేపల కోసం ఐజీఎఫ్‌ఏ కూడా 2011లో పొడుగు రికార్డులు విడిగా మొదలుపెట్టింది.

కాకపోతే పొడుగు అంటే ఎక్కణ్ణుంచి ఎక్కడికి? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నోరు మూసి, మూతి కొస నుంచి తోక చివరి కొస దాకా కొలిస్తే మొత్తం పొడుగు. మూతి కొస నుంచి తోక చీలిక లోపలి మూల దాకా కొలిస్తే చీలిక పొడుగు. మ్యూజియంలో సీసాల్లో ఉంచిన చేపల్ని చదివే శాస్త్రజ్ఞులు తోక రెక్కని అసలు లెక్కలోకే తీసుకోరు, తోక మొదలు దగ్గర ఆపేస్తారు. నిల్వ చేపలకి రెక్కలు విరిగిపోయి ఉంటాయి కాబట్టి. మన శీలావతిని గానీ బొచ్చెని గానీ తీసుకుంటే ఈ మూడు పద్ధతుల్లో మూడు అంకెలు వస్తాయి, ఏదీ అబద్ధం కాదు. మీరు చీలిక దాకా కొలిచి, మీ బావమరిది తోక కొస దాకా కొలిస్తే, ఆయన చేపే పెద్దది. జీవితాంతం.

చేపని బట్టి పద్ధతి మారుతుందని గుర్తుంచుకుంటే చాలావరకు తగాదా తీరిపోతుంది. కొర్రమీనుకి తోక గుండ్రంగా ఉంటుంది, చీలికే లేదు, కాబట్టి మొత్తం పొడుగొక్కటే మార్గం. పండుగప్పదీ గుండ్రటి తోకే. వంజరం, సూర లాంటి సముద్రపు చేపల తోక లోతుగా చీలి ఉంటుంది, ఆ కొసలు విరగడం మామూలే. వాటికి చీలిక పొడుగు నయం. విశాఖ రేవులో దిగే కొమ్ముకోనానికి ఇంకో చిక్కు ఉంది. దాని పైదవడ ఈటెలా ముందుకి సాగి ఉంటుంది, ఒక్కోసారి విరిగి ఉంటుంది. అందుకని ప్రపంచమంతటా దాన్ని కింది దవడ కొస నుంచి తోక చీలిక దాకా కొలుస్తారు. ముక్కు కూడా కలిపి చెప్పేవాడు మనిషి ఎత్తుని తలపాగాతో సహా చెప్పినట్టు.

తోకని నొక్కి పట్టాలా, సహజంగా వదిలేయాలా అన్నది మరో వివాదం. రెండు కొసల్నీ వేళ్ళతో దగ్గరికి నొక్కితే తోక సాగి, పొడుగు కొంచెం పెరుగుతుంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల నిబంధనలు నొక్కమంటాయి, కొన్ని వద్దంటాయి. పోటీలో దిగితే వాళ్ళ నియమమే మీ నియమం. పట్టిన చేపల లెక్క రాసుకునే మీ సొంత పుస్తకానికైతే ఏదో ఒకటి ఎంచుకుని మొదటి పేజీలో రాసేయండి: ‘నోరు మూసి, తోక నొక్కి, మొత్తం పొడుగు.’ చిన్న చేపకి ఒకలా, పెద్ద చేపకి ఒకలా మాత్రం వద్దు.

ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళకి ఈ సెంటీమీటర్ల పట్టింపు సరదా వ్యవహారం కాదు, చట్టం. మనం పండుగప్ప అనేదాన్ని వాళ్ళు బారమండి అంటారు. క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల కంటే చిన్నదాన్ని ఉంచుకోకూడదు. మామూలు నదుల్లో, సముద్రంలో 120 దాటినదాన్ని కూడా ఉంచుకోకూడదు. చిన్నదాన్ని వదలడం ఎవరికైనా అర్థమవుతుంది, పెద్దదాన్ని ఎందుకు వదలాలి? ఈ చేప చాలావరకు మగదిగా పెరిగి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే బాగా పొడుగైనవి దాదాపు అన్నీ లక్షల గుడ్లు పెట్టే తల్లులు. అక్కడ గాలం వేసేవాళ్ళకి మీటరు దాటిన పండుగప్ప జీవితకాలపు కోరిక. ఆ కోరిక తీరేది కూడా టేపు మీదే.

ఇక కొలిచే తీరు. టేపుని చేప ఒంటి వంపు మీదుగా వేయకండి. పొట్ట మీదుగా పోయే టేపు పొట్టని కూడా పొడుగులో కలిపేస్తుంది. చేపని బల్లపరుపు మీద పక్కకి పడుకోబెట్టి, పక్కన తిన్నగా కొలవాలి. ఒక చివర నిలువు చెక్క బిగించిన కొలత బోర్డు దీనికి అన్నిటికంటే మేలు. మూతిని ఆ చెక్కకి ఆనించి, రెండో చివర తోక ఎక్కడికొచ్చిందో చదవడమే. ఊళ్ళో వడ్రంగి అరపూటలో చేసిస్తాడు. బోర్డుని ముందు నీళ్ళలో ముంచండి, చేతులూ తడుపుకోండి. ఎండలో కాలిన పొడి చెక్క మీద పెడితే చేప ఒంటిమీది జిగురు పొర ఊడిపోతుంది, దానికి రోగాల నుంచి కాపుదల ఆ పొరే. వదిలేయదలచిన చేప అయితే మొత్తం వ్యవహారం మీరు ఊపిరి బిగబట్టగలిగినంత సేపట్లో అయిపోవాలి. నిజంగానే బిగబట్టి చూడండి, చేతులు వాటంతటవే తొందరపడతాయి.

బోర్డు మరిచిపోయిన రోజు ఏం చేయాలి? మన పెద్దవాళ్ళకి బెత్తెడు, జాన, మూర ఉండనే ఉన్నాయి. వాటిలో తప్పేమీ లేదు, మీ జాన ఎన్ని సెంటీమీటర్లో మీకు తెలిస్తే! ఈ రాత్రే టేపు తీసి మీ జాన, మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఉన్న మూర కొలిచి, పుస్తకం అట్ట లోపల రాసుకోండి. గాలం కర్ర పిడి దగ్గర్నుంచి ప్రతి 10 సెంటీమీటర్లకీ రంగు దారం చుట్టేసుకుంటే ఇంకా మంచిది. కర్ర మరిచిపోయి చేపలకి వెళ్ళేవాడు ఎక్కడా ఉండడు.

చుట్టుకొలత చెప్పే బరువు

కాటా లేకుండా బరువు అంచనా కట్టే సూత్రం గాలం వేసేవాళ్ళలో ఎప్పటినుంచో ఉంది. పొడుగుని చుట్టుకొలతతో ఒకసారి, మళ్ళీ చుట్టుకొలతతో ఇంకోసారి గుణించి, 800తో భాగించాలి. అంగుళాల్లో కొలిస్తే పౌండ్లు వస్తాయి. మన సెంటీమీటర్లకి, కిలోలకి మార్చుకుంటే భాగించాల్సిన అంకె సుమారు 29,000 అవుతుంది. 60 సెంటీమీటర్ల పొడుగు, 38 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న శీలావతి అనుకోండి: 60 × 38 × 38 = 86,640. దాన్ని 29,000తో భాగిస్తే దాదాపు 3 కిలోలు. చుట్టుకొలతకి దర్జీ దగ్గరుండే మెత్తటి టేపు వాడండి, వీపు రెక్కకి కొంచెం ముందు, ఒళ్ళు అన్నిటికంటే లావుగా ఉన్నచోట చుట్టండి. బిగించొద్దు, వదులుగానూ వద్దు.

ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. చేపంత పొడుగు, చేప నడుమంత చుట్టుకొలత ఉన్న గుండ్రటి గొట్టం నిండా నీళ్ళు పోస్తే ఎంత బరువో, అందులో నూటికి 43 వంతులు చేప బరువని ఆ సూత్రం అంటోంది. మూతి వైపు, తోక వైపు సన్నబడే మామూలు చేపకి ఇది బాగానే నప్పుతుంది. ఒక్కచోటే పొట్ట పొంగిన చేపకి నప్పదు. పెర్రీ బాస్ కొలతలు ఇందులో వేసి చూడండి: 32.5ని 28.5తో రెండుసార్లు గుణించి 800తో భాగిస్తే 33 పౌండ్లు వస్తుంది. పోస్టాఫీసు కాటా చెప్పింది 22 చిల్లర! సూత్రం చూసేది అన్నిటికంటే లావైన ఆ ఒక్క చోటునే. అందుకని సూత్రంతో వచ్చిన బరువు పక్కన పుస్తకంలో ‘అంచనా’ అని రాయండి. ఆ మాట రాయడం బద్ధకించినవాడు ఆర్నెల్ల తర్వాత దాన్ని కాటా బరువుగానే చెప్పుకుంటాడు.

పొడుగుకీ బరువుకీ ఉన్న సంబంధం గురించి ఇంకొక్క మాట. పొడుగు రెట్టింపైతే బరువు రెట్టింపు కాదు, ఇంచుమించు ఎనిమిది రెట్లవుతుంది, ఎందుకంటే చేప పొడుగుతోపాటు ఎత్తులో, మందంలో కూడా పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల శీలావతి 350 గ్రాములుంటే 60 సెంటీమీటర్లది 2 కిలోల 800 దాకా ఉంటుంది. దీన్ని తిరగేసి చూస్తే మనకి తగులుతుంది. 55 సెంటీమీటర్ల చేపని ‘ఓ అరవై ఉంటుంది’ అని చెప్పినవాడు పొడుగులో అయిదు సెంటీమీటర్లే కలిపాడు, బరువులో మాత్రం 30 శాతం కలిపేశాడు. పెరిగిన జీతం గురించి, నడిచిన దూరం గురించి చెప్పేటప్పుడు అంకెని పైకి సర్దడం మనకి అలవాటే. అక్కడ సర్దిన మేరకే పెరుగుతుంది. చేప దగ్గర సర్దుబాటు మూడువైపులా పెరుగుతుంది.

కాటా వాడేవాళ్ళకి మూడే జాగ్రత్తలు. చేపని దవడకి కొక్కెం తగిలించి నిలువుగా వేలాడదీయకండి, పెద్ద చేపకి దవడా వెన్నూ దెబ్బతింటాయి. తడి గుడ్డ ఉయ్యాలలో పడుకోబెట్టి తూయండి. ఆ ఉయ్యాలని తడిపాక, ఖాళీగా వేలాడదీసి కాటాని సున్నాకి తెచ్చుకోండి, తడవకముందు కాదు. ఊగే పడవలో తూయకండి. ఐజీఎఫ్‌ఏ కూడా పడవ మీద తూచినదాన్ని ఒప్పుకోదు, నేల మీదికి రావాల్సిందే. కాటా మీద అనుమానముంటే ఖాళీ క్యాను తూచి, అందులో కొలిచి 5 లీటర్ల నీళ్ళు పోసి మళ్ళీ తూయండి. తేడా 5 కిలోలు రావాలి.

ఫోటో గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చేతులు చాచి చేపని కెమెరా వైపు తోస్తే చేప పెరుగుతుంది, మనిషి తగ్గుతాడు. ఆ సంగతి చూసేవాళ్ళకీ తెలుసు. కయాక్ పోటీల్లో చేపని బోర్డు మీద పెట్టి, పక్కన ఆ రోజు ఇచ్చిన గుర్తు చీటీ కనపడేలా ఫోటో తీసి వదిలేస్తారు. అది మంచి పద్ధతి, పోటీ లేకపోయినా.

రెండు కొలతలు ఒకదాన్నొకటి పట్టిస్తాయి. 2022 సెప్టెంబరు 30న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, ఈరీ సరస్సు వాలై చేపల పోటీలో ఇదే జరిగింది. గెలిచామనుకున్న ఇద్దరి చేపలు చూడ్డానికి ఒక బరువుగా ఉన్నాయి, కాటా మీద అంతకు చాలా ఎక్కువ తూగాయి. నిర్వాహకుడికి అనుమానం వచ్చి అందరి ముందూ పొట్టలు కోస్తే సీసం గుండ్లు బయటపడ్డాయి. నేరం ఒప్పుకున్నాక ఇద్దరికీ జైలు పడింది, పడవా పోయింది. బరువొక్కటే చూసుంటే ఆ బహుమతి సొమ్ము వాళ్ళ జేబులోకే వెళ్ళేది. మీ గురించి మీరు వేసుకునే లెక్కలకీ ఇలాంటి రెండో కొలత ఒకటి పెట్టుకోండి. చదివిన గంటలతోపాటు పుస్తకం మూసి చెప్పగలిగిన పాఠాలు రాసుకోవడం లాంటిది.

చిన్నవీ రాయాలి

పెద్ద చేపని రాయడం ఎవరికైనా చేతనవుతుంది. పుస్తకం విలువ తెలిసేది చిన్నవి కూడా రాసినప్పుడు. దీనికి కావేరి కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కావేరిలో, దాని ఉపనదుల్లో మూపురం ఉన్న మహసీర్ అనే భారీ చేప ఉంది. మైసూరులో చనిపోయిన జంతువుల తోళ్ళకి ప్రాణమున్నట్టు రూపం పోసే వాన్ ఇంగెన్ కుటుంబంలోని ఒకాయన 1946లో కబిని నదిలో 120 పౌండ్ల మహసీర్‌ని పట్టాడు. అంటే 54 కిలోలు. ఇప్పటికీ గాలం వేసేవాళ్ళు ఆ అంకెని గౌరవంగా చెప్పుకుంటారు. కానీ ఆ నదికి ఎక్కువ ఉపకారం చేసినవి దానికంటే చాలా మామూలు అంకెలు.

కర్ణాటకలో కావేరి ఒడ్డున గాలిబోరె అనే చోట పట్టి వదిలేసే వేటగాళ్ళ శిబిరం ఉండేది. అక్కడ ఎవరు ఎన్ని గంటలు గాలం వేశారు, ఏ మహసీర్ పడింది, ఎంత బరువు అని రిజిస్టర్లో రాసేవాళ్ళు. 1998 నుంచి 2012 దాకా 6,161 చేపలు ఆ పుస్తకాల్లోకి ఎక్కాయి. వాటిలో 104 పౌండ్లదీ ఉంది, 1 పౌండుదీ ఉంది. తర్వాత శాస్త్రజ్ఞులు ఆ రిజిస్టర్లు తెరిచి లెక్కలు కట్టారు. గంటకి పడే చేపల సంఖ్య ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చింది. అంతవరకే చూస్తే నది కళకళలాడుతున్నట్టే. బరువులు కూడా చూస్తే సంగతి వేరేగా ఉంది: సగటు పడిపోతోంది. పెరుగుతున్నవి నీలిరెక్కల మహసీర్ పిల్లలు, అవి బయటి నుంచి తెచ్చి వదిలిన జాతి. మూపురం మహసీర్‌లో అప్పుడప్పుడు పెద్దవి పడుతున్నా, చిన్నవి పడటం దాదాపు ఆగిపోయింది. ముసలివాళ్ళు మాత్రమే మిగిలిన ఇల్లు అది. 2018లో ఆ చేపని టోర్ రెమదేవిగా గుర్తించారు, తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చారు.

ఆ శిబిరంలో ఒక్కడైనా ‘ఒక పౌండు చేపని ఏం రాస్తాంలే’ అని పేజీ తిప్పేయడం అలవాటు చేసి ఉంటే, చిన్నవి పడటం లేదా, పడ్డా రాయడం లేదా అన్నది ఎవరూ తేల్చలేకపోయేవాళ్ళు. ఏమీ పడకుండా గడిచిన గంటలు కూడా రాయబట్టే గంటకి ఎన్ని అన్న లెక్క కట్టడం కుదిరింది. మీ పుస్తకంలోనూ గాలం వేసిన గంటలకి ఒక గడి ఉంచండి. చేపలు పడని రోజున తేదీ, గంటలు, నీటి రంగు రాసి, ఎదురుగా సున్నా పెట్టండి. సున్నా పెట్టడానికి మొదట్లో చెయ్యి రాదు. తర్వాత ఆ సున్నాలే ఏ నెలలో, ఏ గట్టున కూర్చోవడం దండగో చెబుతాయి.

ఇక తప్పించుకున్న చేప. చచ్చినవాడి కళ్ళు చారెడని సామెత. తెగిపోయిన గాలానికి పడ్డ చేపా అంతే, ఇంటికొచ్చేసరికి చారెడు, పెళ్ళిలో చెప్పేసరికి మూరెడు. దానికీ పుస్తకంలో ఒక వరస ఇవ్వండి. పొడుగు గడిలో గీత పెట్టండి, బరువు గడిలోనూ గీతే, ‘పెద్దది’ అన్న మాట కూడా వద్దు. రాయాల్సింది దారం గురించి. తిరిగొచ్చిన కొసని వెలుతురులో పట్టి చూడండి. మెలికలు తిరిగి ఉంటే ముడి జారింది, ఆ ముడి వేయడం మళ్ళీ నేర్చుకోవాలి. కొసకి పైన కూడా గరుకుగా, పీచులేచి ఉంటే రాయికో గుల్లచిప్పకో రాసుకుంది. ఆ గరుకు పోయేదాకా దారం కత్తిరించేసి, అప్పుడు కొత్త గాలం కట్టండి.